చిత్త వానలకు ధాన్యం గది తలుపు బిగిసిపోయింది, ఇప్పుడే చిత్రిక పట్టి అంచు చెక్కేయవచ్చా?

లంకగట్టు (కోనసీమ)
2025 అక్టోబరు 17, రాత్రి 8:40

అందరికీ నమస్కారమండి. మా ధాన్యం గది తలుపు వారం రోజులుగా సరిగ్గా పడడం లేదు. రెండు రెక్కల వేప తలుపు, తాతగారి కాలం నాటిది. కుడి రెక్క పైమూల ద్వారబంధానికి పట్టేస్తోంది. భుజం ఆనించి నెడితే గానీ పడదు, పడితే మళ్లీ తీయడానికి ఇద్దరు కావాలి.

దసరా వెళ్లిన దగ్గర్నుంచి ఒకటే ముసురు. పొద్దున కాసేపు ఎండ, మధ్యాహ్నానికి తూర్పున మబ్బు, దీపాలు పెట్టే వేళకి జల్లు. గాలి కూడా తిరిగింది. మొన్నటిదాకా పడమటి గాలి, ఇప్పుడు తెల్లారగట్ల ఈశాన్యం నుంచి చల్లగా తగులుతోంది. నైరుతి వెళ్లిపోయి ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాయని నిన్న వాతావరణ శాఖ వాళ్లూ చెప్పారు. చేలో స్వర్ణ వరి, ఎమ్‌టీయూ 7029 రకం, ఇప్పుడే పాలు పోసుకుంటోంది. కోత నవంబరు మూడో వారంలో. అప్పటికి గది సిద్ధం కావాలి.

నాన్నగారి చిత్రిక, రెండు ఉలులు, బాడిస, రంపం సావిట్లో ఉన్నాయి. వారం రోజులుగా తుప్పు వదలగొట్టి, సాన పట్టి, కొబ్బరినూనె రాసి పెట్టాను. పక్కింటి బావగారేమో, "ఇంకేం, ఆ మూల రెండు పట్లు పట్టెయ్, పోతుంది" అంటున్నారు. చెయ్యి పెట్టబోయి ఆగాను. తెలిసినవాళ్లు చెప్పండి.

ఇంకోటి. ఎండలో ధాన్యం తిరగేసే పళ్ల చెక్క కూడా ఈ ఖాళీలో చేసుకుందామని ఉంది. కిందటేడు ఇనప పళ్లది కొంటే కొత్త టార్పాలిన్‌కి చిల్లులు పడ్డాయి.

ఉలిసుత్తి (ఏలూరు వైపు)
అక్టోబరు 17, రాత్రి 9:25

బాబూ, చిత్రిక కింద పెట్టు. ఇప్పుడు పట్టొద్దు.

నలభై ఏళ్లు ఈ పని చేశాను. ప్రతి ఏడూ చిత్త, స్వాతి కార్తెల్లో నలుగురైదుగురు ఇదే మాటతో వచ్చేవాళ్లు. అప్పుడే చెక్కేసిన తలుపులు సంక్రాంతికి చూస్తే వేలు దూరేంత సందు! ఆ సందులోంచి ఎలకలు, వాటి వెనక పాములు. తీసిన చెక్కను మళ్లీ అతికించలేం కదా.

చెక్క గాల్లో తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండలకి వదిలేసి కుదించుకుపోతుంది. ఉబ్బేది అడ్డంగానే, నిలువునా ఉబ్బదు. అడుగు వెడల్పు పలక ముసురు రోజుల్లో రెండు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. పొడవు మాత్రం కొలిచినా తేడా కనపడదు. అందుకే నీ తలుపు పక్కల్లో పట్టేస్తుంది, పైన కింద పట్టదు. టేకు తక్కువ కదులుతుంది, వేప, మామిడి ఎక్కువ.

అయితే నువ్వు "పైమూల" అన్నావు. నాకు అనుమానం అక్కడే. ఉబ్బు ఒక్కటే అయితే నిలువు అంచంతా సమంగా పట్టాలి. మూల ఒక్కటే పట్టిందంటే రెక్క వాలిందని లెక్క. తలుపు సగం తెరిచి, చివర కింద చెయ్యి పెట్టి పైకెత్తి చూడు. కదిలితే పై బందు స్క్రూలు వదులైనట్టు. స్క్రూ ఊడదీసి, ఎండిన వెదురు పుల్ల చెక్కి, జిగురు రాసి కన్నంలో దిగగొట్టి, పైన కోసేసి, మర్నాడు స్క్రూ మళ్లీ బిగించు. ముందు ఇది చేసి చెప్పు.

లంకగట్టు (కోనసీమ)
అక్టోబరు 18, ఉదయం 7:10

మేస్త్రీ గారూ, ఎత్తి చూశానండి. కదిలింది! పై బందుకి మూడు స్క్రూల్లో రెండు చేత్తోనే తిరిగాయి. ఇవాళే వెదురు పుల్లలు చెక్కుతాను.

తెల్లబంగారం (వరంగల్ జిల్లా)
అక్టోబరు 18, మధ్యాహ్నం 2:15

అన్నా, మీ తలుపు ముచ్చట చదివి మా ఇంటి తలుపును కూడా ఎత్తి చూసిన. మాది మంచిగనే ఉన్నది.

నాది చెక్క పని కాదు, కుట్టు మిషన్ పని. బతుకమ్మ పండుగ అయినంక పత్తి ఏరుడు మొదలైంది. ఈ ఖాళీ రోజుల్ల ఏరేటోళ్లకు నడుముకు కట్టుకునే ఒడులు కుడుతున్న. ఇంతకుముందు ఎరువుల సంచి చింపి కట్టుకునేటోళ్లం. దాని ప్లాస్టిక్ పోగులు పత్తిల కలుస్తయి. ఆ పోగు రంగు పట్టదు, బట్ట నేసినంక మచ్చ లెక్క కనపడ్తది. అందుకే మిల్లోళ్లు అసొంటి పత్తిని పక్కకు పెడ్తరు. పాత నూలు చీరలు, దుప్పట్లు తెచ్చి రెండు పొరలేసి కుడుతున్న. అడుగున మూత తీరుగ పెట్టి నాడతో కట్టిన, ముడి విప్పితే పత్తి అంతా కింద కుప్ప మీద పడ్తది, వంగి చేత్తో తీసుడు లేదు. నడుముకు వెడల్పు పట్టీ పెట్టిన, సన్నటి తాడు కోసుకుంటది. ఇప్పటికి పదకొండు కుట్టిన, మా వాడకట్టు ఆడోళ్లందరికీ సరిపోను.

పొద్దుగాల మంచు పడ్తున్నది. తొమ్మిది పది దాకా చేనుల దిగొద్దని మా అత్తమ్మ ఎప్పుడు చెప్తది. మంచు తడి మీద ఏరితే తేమ ఎక్కువ చూపిస్తది. ఈ యేడు (2025-26) మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు పొడుగు పింజకు, కానీ అది తేమ 8 శాతం ఉంటేనే. 12 దాటితే సీసీఐ, అంటే పత్తి కొనే సర్కారు సంస్థ, కొననే కొనదు.

ఎర్రనేల (అనంతపురం)
అక్టోబరు 18, రాత్రి 8:50

అక్కా, ఒడి అడుగున నాడ పెట్టిన ఆలోచన శానా బాగుంది. మా ఇంట్లో కుట్టు మిషన్ ఉంది, ఒకటి కుట్టిస్తా.

మా పక్క ఇప్పుడు చెనక్కాయ పీకే కాలం. నేల బిర్రుగా ఉంటే కాయలు నేల్లోనే తెగిపోతాయి. ఒక్క పదును వాన కావాల. అదే వాన పీకినాక వస్తే కాయకు బూజు పడుతుంది. మీకు ముసురు ఎక్కువై బాధ, మాకు ఒక్క వాన ఏ రోజొస్తుందో అని బాధ. చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుందని మా నాయన అనేవాడు.

నేను చేసింది కాయలు తెంపే చట్రం. మూడడుగుల చదరం, మోకాటి ఎత్తు, నాలుగు కాళ్లు, యాంగిల్ ఇనుముతో. నాలుగు పక్కలా దువ్వెన మాదిరి ఆరు మిల్లీమీటర్ల కడ్డీలు నిలువుగా అతికించినా. కడ్డీకి కడ్డీకి మధ్య సందు సెంటీమీటరు లోపల. చెట్టు వేళ్లపక్క ఆ దువ్వెనలో వేసి లాగితే కాయ ఇవతల రాలి చట్రం కింద పట్ట మీద పడుతుంది, చెట్టు చేతిలోకి వస్తుంది. నాలుగు పక్కలా నలుగురు కూచోవచ్చు. చేత్తో ఒక్కో కాయ తెంపి మా అమ్మ బొటనవేలు గోరు ఏటా లేచిపోయేది. అందుకే చేసినా ఇది.

ఒకటి చెప్పడం మరిచినా, కడ్డీల కొనలు ఆకురాయితో గుండ్రంగా రాయాల. వాడిగా వదిలేస్తే అరచేయి చీలుతుంది. వెల్డింగ్ చేసేటప్పుడు నల్ల అద్దం లేకుండా ఒక్క చుక్క కూడా పెట్టొద్దు. రెండేళ్ల కిందట మామూలు నల్లద్దాల కళ్లజోడు సరిపోతుందనుకుని రెండు రాత్రులు కళ్లలో ఇసుక పోసినట్టు ఏడ్చినా.

ఉలిసుత్తి (ఏలూరు వైపు)
అక్టోబరు 19, ఉదయం 6:30

అనంతపురం తమ్ముడు మంచి పని చేశాడు. తల్లి గోరు చూసి చేసిన పనిముట్టు ఊరికే పోదు.

లంకగట్టు బాబు పళ్ల చెక్క అడిగాడు కదా, అది చెప్తాను. ఇనుము వద్దు. తలకి తుమ్మ, రెండున్నర అడుగుల పొడవు, రెండంగుళాల మందం. పళ్లు వెదురువి, చిటికెన వేలు మందం, తల కింద మూడంగుళాలు వచ్చేలా. పిడికి వెదురు బొంగు చాలు, తేలిక.

కిటుకు ఇక్కడుంది. తల చెక్క పచ్చిది తీసుకో, ఇప్పుడే కొట్టిన కొమ్మ అయినా పర్వాలేదు. పళ్లు మాత్రం పొయ్యి మీద అటకలో నెల రోజులు ఎండినవి కావాలి. పచ్చి తలకి కన్నాలు వేసి ఎండు పళ్లు బిగువుగా దిగగొట్టు. తల ఆరే కొద్దీ కన్నం కుదించుకుని పన్నుని పట్టేస్తుంది. పన్ను ఇక కుదించుకోదు, ముందే ఎండింది కాబట్టి. మేకు లేదు, జిగురు లేదు. తిరగేసి చేస్తే, అంటే ఎండు తలకి పచ్చి పళ్లు పెడితే, కోతలయ్యేసరికి పళ్లన్నీ చేలోనే రాలిపోతాయి. నీ తలుపుని బిగించిన గుణమే ఇక్కడ నీకు పని చేసిపెడుతుంది.

తలని ఎండలో పెట్టొద్దు, పగులుతుంది. సావిట్లో నీడన ఆరనివ్వు. రెండు కొనలకీ పేడో మైనమో పుయ్యి. చెక్క నీళ్లు తాగేదీ వదిలేదీ కొనల్లోంచే ఎక్కువ.

వానలెక్క (ప్రకాశం జిల్లా)
అక్టోబరు 19, ఉదయం 10:05

కొనల గురించి మేస్త్రీ గారు చెప్పింది తలుపుకీ వర్తిస్తుంది కదండీ? తలుపు పైఅంచు, కిందఅంచు ఎవరికీ కనపడవని రంగు వేయకుండా వదిలేస్తారు. మా బడి తలుపులన్నీ అంతే.

నేను బడిలో పాఠాలు చెప్పుకుంటాను, పిల్లలతో వాన కొలిచే సీసా చేయించాను. మీ అందరికీ పనికొస్తుందని రాస్తున్నా. రెండు లీటర్ల నీళ్ల సీసా, పక్కలు నున్నగా నిటారుగా ఉన్నది తీసుకోండి. మెడ కింద, సీసా పూర్తి వెడల్పు వచ్చే చోట కోసి, ఆ పై ముక్కను తిరగేసి గరాటులా అందులోనే పెట్టండి. సీసా అడుగు వంపుగా ఉంటుంది కాబట్టి అక్కడ గులకరాళ్లు వేసి, అవి మునిగే దాకా నీళ్లు పోసి, ఆ గీత దగ్గర సున్నా పెట్టి స్కేలు అతికించండి. నీళ్లు ఎన్ని మిల్లీమీటర్లు లేస్తే అంత వాన. చెట్టుకీ చూరుకీ దూరంగా పెట్టాలి. రోజూ ఉదయం 8:30కి చూడండి, వాతావరణ శాఖ లెక్క కూడా ఆ వేళకే.

ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకి ఒక లీటరు. ఎకరానికి నాలుగు వేల లీటర్ల పైన! మా ఆరో తరగతి పిల్ల ఒకతె ఈ లెక్క ఇంటికెళ్లి చెప్తే వాళ్ల నాన్న మర్నాడు సీసా చూడ్డానికి బడికొచ్చాడు. ఆ రోజు నాకెంత సంతోషం వేసిందో.

ఉలిసుత్తి (ఏలూరు వైపు)
అక్టోబరు 19, రాత్రి 7:40

పంతులు గారి మాట అక్షరాలా నిజం. పైఅంచు, కిందఅంచు రంగు తాగితే తలుపు సగం బాధ పోతుంది. కానీ అదీ ఇప్పుడు కాదు. తడి లోపల ఉండగా పైన రంగు వేస్తే పొక్కులు లేస్తాయి. నాలుగు ఎండలు కాయనివ్వండి.

జీడితోట (ఉద్దానం)
అక్టోబరు 25, సాయంత్రం 5:20

దీపావళి అయింది, ఇవాళ నాగుల చవితి. పుట్టలో పాలు పోసి వచ్చి రాస్తున్నాను. బంగాళాఖాతంలో వాయుగుండం అంటున్నారు, మన కోస్తా వైపే వస్తుందట. కోనసీమ అన్నయ్యా, చేతిలో ఉన్న పనులు పక్కన పెట్టి ఇవి చూసుకోండి.

మేము 2018 అక్టోబరు 11న తిత్లీ చూశాం. పలాస పక్కనే తీరం దాటింది. తెల్లారి చూస్తే కొబ్బరి, జీడి, పనస, ఏదీ నిలబడి లేదు. ముప్పై ఏళ్ల చెట్లు. రోజుల తరబడి కరెంటు లేదు, కొవ్వొత్తులూ దొరకలేదు. అప్పటినుంచి మా ఇంట్లో ఒక దీపం పెట్టె ఉంటుంది. 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ, 5 వాట్ల డీసీ ఎల్ఈడీ బల్బు, మధ్యలో ఒక స్విచ్చి, ప్లస్ తీగకి బ్యాటరీ దగ్గరే చిన్న ఫ్యూజు. అన్నీ పాత టిఫిన్ క్యారేజీ డబ్బాలో అమర్చాను. బ్యాటరీలో 84 వాట్ అవర్లు ఉంటాయి, సగం దాకానే వాడితే ఎనిమిది గంటలు వెలుగు. పూర్తిగా ఖాళీ చేస్తే ఆ బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది. ఫ్యూజు మాత్రం మానొద్దు, తీగలు తగులుకుంటే డబ్బా కాలిపోతుంది. మోటార్‌సైకిల్ పాత బ్యాటరీతోనైనా పని జరుగుతుంది.

రేకుల షెడ్డు ఉంటే కొక్కాల నట్లు బిగించండి. ఇంటి మీదకు వంగిన కొబ్బరి చెట్లకి ఎండు మట్టలు, ముదురు గెలలు దింపించండి. గాలికి లేచిన కొబ్బరికాయ రాయితో సమానం.

లంకగట్టు (కోనసీమ)
అక్టోబరు 26, రాత్రి 9:00

చెల్లెమ్మా, గెలలు ఇవాళ దింపించాం. దీపం పెట్టె కూడా కట్టాను, ఫ్యూజుతో సహా. తలుపు పైమూల ఇప్పుడు పట్టడం లేదు. మధ్యలో మాత్రం ఉబ్బు అలాగే ఉంది. కొవ్వొత్తి రుద్దాను, కొంచెం జారుతోంది. పళ్ల చెక్క తలకి పదమూడు పళ్లు దిగగొట్టి సావిట్లో పెట్టాను. చేను వైపు చూస్తే మాత్రం గుండె దడ ఆగడం లేదు. కంకి వంగి, రంగు తిరుగుతోంది.

తెల్లబంగారం (వరంగల్ జిల్లా)
అక్టోబరు 30, ఉదయం 11:30

అన్నా, ఎట్లున్నరు? 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం దిక్కు దాటిందని టీవీల చూసినప్పటి సంది మీరే మతికొస్తున్నరు. మాకు కూడా నిన్నంతా కుండపోత. ఏరకుండ చేను మీద ఉన్న పత్తి మొత్తం నాని నల్లబడ్డది. ఇంట్లకు తెచ్చినంత వరకే మిగిలింది.

లంకగట్టు (కోనసీమ)
నవంబరు 1, ఉదయం 6:45

అందరం క్షేమమండి. ఇల్లు బాగానే ఉంది, షెడ్డు మీద రెండు రేకులు లేచాయి. మూడు రాత్రులు ఆ టిఫిన్ డబ్బా దీపమే. మా అమ్మ దాని పక్కనే కూర్చుని విష్ణు సహస్రనామం చదువుకుంది. పంతులు గారి సీసాలో 29 ఉదయానికి 94 మిల్లీమీటర్లు.

మూడెకరాల్లో సగం పడిపోయింది. కంకులు నీళ్లలో ఉన్నాయి. ఏం చెయ్యాలో చెప్పండి.

గోదారికాలవ (పశ్చిమ గోదావరి)
నవంబరు 1, ఉదయం 7:30

ముందు గట్టు తెగ్గొట్టి నీళ్లు తీసెయ్యండి, అది ఈ పూటే. పడిన దుబ్బుల్ని నాలుగైదు కలిపి లేపి, వాటి ఆకులతోనే కట్టండి. కంకి నీళ్లు వదిలితే చాలు. మొలక రాకుండా లీటరు నీటికి 50 గ్రాముల కళ్లుప్పు కలిపి కంకుల మీద పిచికారీ చెయ్యండి. ఎకరానికి 200 లీటర్లు, అంటే 10 కిలోల ఉప్పు. స్ప్రేయరు తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి, లేకపోతే నాజిల్ తుప్పు పట్టేస్తుంది. మాది కూడా పడిందండి. మేమూ ఇప్పుడు ఆ పనిలోకే దిగుతున్నాం.

ఉలిసుత్తి (ఏలూరు వైపు)
నవంబరు 1, ఉదయం 8:15

బాబూ, తలుపు సంగతి మర్చిపో. చేను చూసుకో. తలుపు ఎక్కడికీ పోదు.

ఎర్రనేల (అనంతపురం)
నవంబరు 9, రాత్రి 9:15

మా చెనక్కాయ కట్టె పీకి, కాయ పైకి వచ్చేటట్టు బోర్లించి వరసలు వేసినాం. ఎండ బాగా కాస్తా ఉంది. చట్రం మీద మా ఊరి ఆడోళ్లు నలుగురు పగలంతా తెంపినారు. పక్కూరాయన కొలతలు రాసుకుపోయినాడు. లంకగట్టు అన్నా, మీ చేను ఎట్లుంది?

లంకగట్టు (కోనసీమ)
నవంబరు 24, రాత్రి 8:20

ఇన్ని రోజులు రాయలేకపోయాను, క్షమించండి. కోత అయింది. పడిన దగ్గర మిషను దిగలేదు, మనుషులతో కోయించాం. లేపి కట్టిన దుబ్బుల్లో మొలక చాలా తక్కువ. ఉప్పు కొట్టడానికి ముందే నీళ్లలో నానిన ఒక మూల మాత్రం పోయింది. నిరుడు ఎకరానికి ముప్పై రెండు బస్తాలు వచ్చిన చోట ఈసారి ఇరవై మూడు.

ధాన్యం కళ్లంలో పోసేటప్పటికి తేమ 22 శాతం. కొనుగోలు కేంద్రంలో 17 దాటకూడదు. రెండంగుళాల లోపు పల్చగా పరిచి, అరగంటకోసారి పళ్ల చెక్కతో తిరగేశాం. మేస్త్రీ గారూ, ఒక్క పన్ను ఊడలేదండి! తల ఆరి రాయిలా పట్టుకుంది. టార్పాలిన్‌కి గీత కూడా పడలేదు. మిట్టమధ్యాహ్నం ఎండకి మాత్రం కుప్ప చేసి కప్పేశాం. ఒక్కసారిగా ఎండితే గింజలో బీటలు పడి మిల్లులో నూక ఎక్కువ అవుతుందని గోదారికాలవ గారు ఫోన్‌లో చెప్పారు. నాలుగో రోజుకి 16 వచ్చింది. అమ్మేది అమ్మాం, 75 కిలోల బస్తా 1,777 చొప్పున. తిండికీ విత్తనానికీ ఉంచుకున్నది ఇంకా ఎండబెడుతున్నాం.

ఇక తలుపు. చిత్రిక ముట్టుకోలేదండి. పదో తారీఖు నుంచి పొడి ఎండలు, పొద్దున మంచు తప్ప వాన లేదు. మొన్న చూస్తే రెండు రెక్కలూ చిటికెన వేలితో నెడితే పడ్డాయి. మధ్యలో సందు రూపాయి బిళ్ల దూరేంత. ఆ రోజు చెక్కి ఉంటే ఇవాళ ఎంత సందు ఉండేదో తలుచుకుంటేనే భయం వేసింది. నిన్న రెక్కలు బందుల నుంచి దింపి, పైఅంచుకీ కిందఅంచుకీ రెండు పూతలు రంగు వేశాను. కిందఅంచు చూస్తే తాతగారి కాలం నుంచి ఒక్క చుక్క రంగు తగల్లేదు, చెక్క నల్లగా ఉంది.

మేస్త్రీ గారిని ఇంకోటి అడగాలి. ఎడమ రెక్క పలకల్లో ఒకటి నిలువునా చీలింది. చట్రం గాడిలో మేకు కొట్టి ఉంది. ఎప్పుడు ఎవరు కొట్టారో తెలియదు.

ఉలిసుత్తి (ఏలూరు వైపు)
నవంబరు 24, రాత్రి 9:05

ఆ మేకే చీల్చింది. పలక గాడిలో వదులుగా ఆడాలి, ఉబ్బినప్పుడు చోటు కోసం. మేకు కొట్టి కదలకుండా చేస్తే అది ఎండకి కుదించుకోలేక మధ్యలో చీలిపోతుంది. మేకు పీకెయ్, కన్నం మైనంతో పూడ్చు. చీలికలో సన్నటి వేప చీలు జిగురుతో దించు, కానీ పలకకి మాత్రమే, గాడికి జిగురు తగలకూడదు. రెక్క ఎలాగూ దింపి ఉంది కదా, రేపు పొద్దున ఎండలోనే చేసెయ్యి. ఫొటో పంపు, చూస్తాను.

లంకగట్టు (కోనసీమ)
నవంబరు 24, రాత్రి 9:12

రేపే చేస్తానండి. వరంగల్ చెల్లెమ్మా, మిగిలిన పత్తి అమ్మారా? తేమ ఎంత వచ్చింది?

తెల్లబంగారం (వరంగల్ జిల్లా)
నవంబరు 25, ఉదయం 6:50

నిన్ననే అమ్మినం అన్నా. 10 వచ్చింది. రెండో ఏరుడు వచ్చే వారం.